డీవీడీ ఖాళీ చేసిన అరలోకి ఇంకో హార్డ్ డిస్కు

ఎమ్మిగనూరులో మా మామకి ఫొటో స్టూడియో ఉంది. పోయిన సంక్రాంతి సెలవులకి వెళ్తే, బ్యాగ్ కింద పెట్టకముందే అడిగాడు: "ఏమిరా అల్లుడా, కంప్యూటర్ చదువే కదా నువ్వు చదివేది? ఇది చూడు, ఎర్రగా చూపిస్తాంది."

చూశా. డి డ్రైవ్ గీత మొత్తం ఎరుపు. 500 జీబీ హార్డ్ డిస్కులో 6 జీబీ మిగిలింది. ముందేమో మాఘమాసం ముహూర్తాలు. కెమెరా నుంచి వచ్చే ఒక్క రా ఫైలు 25 ఎంబీ అనుకుందాం. పెళ్లికి రెండు వేల ఫొటోలు తీస్తే 50 జీబీ. అంటే పాత డిస్కు మొత్తం కలిపినా పది పెళ్లిళ్లకి సరి. ఆరు జీబీలో మంగళస్నానం కూడా పట్టదు.

నేను సెకండియర్ సీఎస్‌ఈ. ఆపరేటింగ్ సిస్టమ్స్ పరీక్షలో డిస్క్ షెడ్యూలింగ్ లెక్కలు చేసి మార్కులు తెచ్చుకున్నవాణ్ణి. నిజం చెప్పాలంటే హార్డ్ డిస్కుని చేత్తో పట్టుకోవడం మాత్రం అదే మొదటిసారి. ఎల్‌కేజీ నుంచీ ఇంగ్లిష్ మీడియం కాబట్టి, చేస్తున్నదేంటో మామకి తెలుగులో చెప్పడం ఇంకో పరీక్ష. "డిస్కుని మౌంట్ చేయాలి మామా" అన్నా. "అంటే బిగించాలనా?" అన్నాడు. అంతే! అక్కణ్ణుంచి నేను కూడా బిగించడం అనే అంటున్నా.

ఈ వ్యాసం ఆ నాలుగు రోజుల్లో నేర్చుకున్నది. మీ ఇంట్లోనో, నాన్నగారి షాపులోనో పాత డెస్క్‌టాప్ ఉంటే మీకూ పనికొస్తుంది. నేను చేసిన మూడు తప్పులు కూడా రాస్తున్నా. అవి మీరు మళ్లీ చేయక్కర్లేదు.

చోటు ఎక్కడుంది?

మామ కంప్యూటర్ క్యాబినెట్ చిన్నది. లోపల హార్డ్ డిస్కుకి ఉన్న అర ఒక్కటే, అందులో పాత డిస్కు ఉంది. పైన మాత్రం డీవీడీ రైటర్ ఉన్న వెడల్పు అర ఉంది. ఒకప్పుడు పెళ్లి వీడియో అంటే డీవీడీనే. రంగుల కవరు మీద పెళ్లికొడుకు, పెళ్లికూతురు ఫొటో వేసి ఇచ్చేవాళ్లు. ఇప్పుడందరూ పెన్ డ్రైవ్ అడుగుతున్నారు. ఆ రైటర్ ట్రే బయటికి వచ్చి రెండేళ్లయిందట. ఊరికే చోటు ఆక్రమించుకుని కూర్చుంది.

"బయట పెట్టుకునే హార్డ్ డిస్కు కొంటే పోలా?" అని మీరనొచ్చు. కొనొచ్చు, చివర్లో అదీ కొన్నాం. కానీ రోజంతా ఎడిటింగ్ చేసే ఫైళ్లు యూఎస్‌బీ వైరు మీద వేలాడుతుంటే కష్టం. స్టూడియోకి వచ్చే ప్రతివాళ్లూ పెన్ డ్రైవ్ పెడతారు, తీస్తారు. వైరు కాస్త కదిలితే కాపీ మధ్యలో ఆగిపోతుంది. రోజూ పనిచేసే డిస్కు పెట్టె లోపల ఉండడమే మంచిది.

ఆ అర గురించి చదువుతుంటే ఒక సంగతి తెలిసింది. అది డీవీడీ కోసం పుట్టింది కాదు. 1976లో షుగార్ట్ అసోసియేట్స్ 5.25 అంగుళాల ఫ్లాపీ డ్రైవ్ తెచ్చింది. అర కొలత అక్కణ్ణుంచి వచ్చింది. 1980లో, తర్వాత సీగేట్‌గా మారిన కంపెనీ, అదే కొలతలో ఒక హార్డ్ డిస్కు తయారు చేసింది. పేరు ఎస్‌టీ 506, సామర్థ్యం 5 ఎంబీ. మామ తీసే ఒక్క రా ఫొటో కూడా అందులో పట్టదు! 1983లో స్కాట్లాండ్‌లోని రోడైమ్ కంపెనీ 3.5 అంగుళాల డిస్కు తెచ్చాక హార్డ్ డిస్కులు మెల్లగా చిన్న అరలోకి మారాయి. ఖాళీ అయిన పెద్ద అరలోకి సీడీ, దాని వెనక డీవీడీ వచ్చాయి. కాబట్టి మనం చేస్తున్నది వింత పనేమీ కాదు. హార్డ్ డిస్కు పుట్టింటికి వస్తోంది, అంతే.

కొలతలు, కొనాల్సినవి

5.25 అంగుళాలు అనేది ఫ్లాపీ కొలత, అర కొలత కాదు. అర వెడల్పు దాదాపు 146 మిల్లీమీటర్లు. అలాగే 3.5 అంగుళాల హార్డ్ డిస్కు నిజమైన వెడల్పు 101.6 మిల్లీమీటర్లు. తీసేస్తే 44 మిల్లీమీటర్ల పైచిలుకు తేడా, అంటే అటు 22, ఇటు 22. ఒకవైపు స్క్రూ బిగిస్తే రెండోవైపు గాల్లో ఉంటుంది. ఈ సందు నింపడానికే బ్రాకెట్ కావాలి. రెండు రేకు ముక్కలుగానో, ఒక ట్రేలాగానో దొరుకుతుంది.

2 టీబీ హార్డ్ డిస్కు, బ్రాకెట్ కొందామని ఆదోని వెళ్లాం. ఎమ్మిగనూరు నుంచి ఆదోని ముప్పై కిలోమీటర్ల లోపే. డిస్కు దొరికింది. బ్రాకెట్ అడిగితే "అది ఎవురూ అడగరు, రాదు" అన్నారు. వెనక్కి వచ్చేశాం.

ఎస్‌ఎస్‌డీ ఎందుకు కొనలేదని అడిగేవాళ్లకి: డబ్బులు. అదే ధరకి హార్డ్ డిస్కులో చాలా ఎక్కువ జీబీలు వస్తాయి, ఫొటోలు దాచడానికి ఆ వేగం చాలు. మీకు కావాల్సింది వేగమైతే, విండోస్ ఉండే డిస్కుగా 2.5 అంగుళాల ఎస్‌ఎస్‌డీ పెట్టుకోండి. అది తేలిక, లోపల తిరిగే భాగం ఉండదు, కాబట్టి బిగింపు విషయంలో అంత పట్టింపు లేదు. హార్డ్ డిస్కుకి మాత్రం ఉంది. అదే నా మొదటి తప్పు.

మొదటి తప్పు: అట్టముక్క

బ్రాకెట్ లేదు కదా అని డిస్కుని ఒకవైపు స్క్రూలతో బిగించి, రెండోవైపు సందులో అట్టముక్క మడిచి కుక్కేశా. ఆన్ చేస్తే పనిచేసింది. గర్వంగా ఉంది కూడా. సాయంత్రానికి క్యాబినెట్ గుర్రుమని సణగడం మొదలుపెట్టింది. వేడికి అట్ట సడలి డిస్కు ఒక పక్కకి వాలింది.

ఇది ఎందుకు ప్రమాదమో లెక్క చూడండి. నిమిషానికి 7200 సార్లు తిరిగే డిస్కు అంటే సెకనుకి 120 చుట్లు. లోపల పళ్లేనికీ, దాన్ని చదివే హెడ్‌కీ మధ్య సందు కొన్ని నానోమీటర్లే. మన వెంట్రుక మందం దాదాపు 80 వేల నానోమీటర్లు. అంత సన్నటి సందులో పనిచేసే వస్తువుని అదిరిపోయేలా వదిలేస్తే హెడ్ దారి తప్పి మళ్లీ మళ్లీ చదువుతుంది, వేగం తగ్గుతుంది. నడుస్తుండగా జారి పడితే డిస్కే పోవచ్చు. పైగా డిస్కు కింద సర్క్యూట్ బోర్డు బయటికే ఉంటుంది. అది క్యాబినెట్ రేకుకి తగిలితే షార్ట్.

మా తాత నేత పని చేసేవాడు. మాచాని సోమప్ప గారు 1938లో చేనేత సహకార సంఘం పెట్టిన ఊరు కదా, ఎమ్మిగనూరులో చాలా ఇళ్లలో మగ్గం మాట మామూలే. సణుగుడు విని మామ అన్నాడు: "మగ్గం గుంజ వదులైతే మీ తాత ఆ పొద్దు నేసేవాడే కాదు. ఫస్టు బిగించేది, తర్వాతే పని." ఆఫ్ చేసేశా.

మర్నాడు మళ్లీ ఆదోని. ఈసారి కొత్త సామాన్ల షాపు కాదు, రిపేర్లు చేసే చిన్న కొట్టు. మూల పాత క్యాబినెట్ల కుప్ప ఉంది. 3.5 అంగుళాల ఫ్లాపీ డ్రైవ్‌ని కూడా ఒకప్పుడు ఈ పెద్ద అరలో బ్రాకెట్‌తోనే పెట్టేవాళ్లట. ఆ పెద్దాయన కుప్పలో వెతికి, పొడుగు రంధ్రాలున్న రెండు రేకు ముక్కలు తీసి ఇచ్చాడు. డబ్బులు తీసుకోలేదు. మీకూ కొత్తది దొరక్కపోతే పాత సామాన్ల కుప్పలో అడగండి.

బిగించే పద్ధతి

1. కంప్యూటర్ షట్‌డౌన్ చేసి, ప్లగ్గు గోడ నుంచి పీకండి. యూపీఎస్ ఉంటే దాన్నుంచి కూడా. తర్వాత పవర్ బటన్ ఒకసారి నొక్కితే లోపల మిగిలిన కరెంటు పోతుంది.

2. డిస్కు ముట్టుకునే ముందు రంగు లేని క్యాబినెట్ ఇనుముని ఒకసారి ముట్టుకోండి. ఒంటి మీద ఉన్న స్టాటిక్ దానిలోకి పోతుంది.

3. రెండు పక్కల తలుపులూ తీయండి. ఒకటే తీస్తే రెండోవైపు స్క్రూలు అందవు. తీశాక ముందు దుమ్ము దులపండి. ఆదోని వైపు జిన్నింగు మిల్లుల దగ్గర షాపుల్లో కంప్యూటర్ విప్పితే దూది పింజె, దుమ్ము కలిసి ఫ్యాను మీద మెత్తటి పొరలా ఉంటుందని ఆ కొట్టు పెద్దాయన చెప్పాడు. మామ దాంట్లో అంత లేదు గానీ తక్కువేం లేదు. కెమెరా లెన్స్ ఊదే రబ్బరు బుడ్డితో, మెత్తటి బ్రష్‌తో తీశాం.

4. డీవీడీ రైటర్ వెనక రెండు వైర్లుంటాయి. సన్నటిది డేటా, వెడల్పుది పవర్. తిన్నగా వెనక్కి లాగండి, పైకీ కిందకీ ఆడించొద్దు. పక్క స్క్రూలు తీసి రైటర్‌ని ముందు వైపుకి లాగేయండి.

5. బ్రాకెట్‌ని ముందు బయటే డిస్కుకి బిగించండి. ఇక్కడ స్క్రూలు జాగ్రత్త. 3.5 అంగుళాల హార్డ్ డిస్కు స్క్రూ మర ముతకగా ఉంటుంది. డీవీడీ రైటర్ స్క్రూ మర సన్నం. రెండూ ఒకే కవర్లో కలిసిపోయి ఉంటాయి. ఒకదాని రంధ్రంలో ఇంకోటి బలవంతంగా తిప్పితే మర చెడుతుంది. వేళ్లతో రెండు చుట్లు సులువుగా తిరిగితేనే స్క్రూడ్రైవర్ పెట్టండి.

6. డిస్కు, బ్రాకెట్ కలిపి అరలోకి తోసి, క్యాబినెట్‌కి రెండువైపులా రెండేసి స్క్రూలు బిగించండి. మెల్లగా ఊపి చూడండి. డిస్కు కదిలితే పని అవ్వలేదన్నట్టే.

7. ముందు ఖాళీ అయిన చోట ప్లాస్టిక్ మూత పెట్టండి. లేకపోతే దుమ్ముకి తలుపు తీసినట్టే. మూత ఎప్పుడో పోయింది కాబట్టి మేం పాత రైటర్ ముందు భాగమే ఊడదీసి అతికించాం. బయటికి ఇప్పటికీ డీవీడీ ఉన్నట్టే కనిపిస్తుంది!

వైర్ల సంగతి

డెస్క్‌టాప్ సాటా డీవీడీ రైటర్‌కీ, సాటా హార్డ్ డిస్కుకీ వైర్లు ఒకటే. డేటాకి 7 పిన్నులు, పవర్‌కి 15. రైటర్ నుంచి పీకినవి నేరుగా డిస్కుకి పెట్టేయొచ్చు. ల్యాప్‌టాప్‌లో ఉండే సన్న రైటర్ల పవర్ పిన్ను వేరు, వాటికి ఈ మాట వర్తించదు. మీ రైటర్ వెనక 40 పిన్నుల వెడల్పు పట్టీ వైరు ఉంటే అది పాత ఐడీఈ పద్ధతి. అప్పుడు మదర్‌బోర్డులో సాటా పోర్టు ఖాళీ ఉందో లేదో చూసుకోండి.

పవర్‌కి సాటా వైరు లేక, నాలుగు పిన్నుల పాత వైరు నుంచి మార్చే కన్వర్టర్ కొనాల్సి వస్తే, ప్లాస్టిక్‌ని ఒకే ముద్దగా పోసిన చౌకరకం వద్దు. లోపల తీగలు ఒకదానికొకటి తగిలి కాలిపోయిన సందర్భాలున్నాయి. తీగలు ఒక్కొక్కటిగా విడిగా బిగించి కనిపించే రకం తీసుకోండి.

పాత పోర్టు నెమ్మది కదా అనే దిగులొద్దు. సెకనుకి 3 గిగాబిట్ల సాటా పోర్టు దాదాపు 300 ఎంబీ పంపగలదు. హార్డ్ డిస్కు ఇచ్చేది సుమారు 150 నుంచి 200. పవర్ సప్లై మీద బరువు కూడా పెద్దగా ఉండదు. తిరగడం మొదలయ్యే క్షణంలో 20 వాట్లకి అటూఇటూ, ఆ తర్వాత 5 నుంచి 8 వాట్లు.

వేడి మాత్రం చూసుకోవాలి. కింది అరకి ముందు ఫ్యాను గాలి తగులుతుంది, పై అరకి సాధారణంగా తగలదు. చాలా డిస్కులకి కంపెనీలు పెట్టే హద్దు 60 డిగ్రీలు. మన కర్నూలు జిల్లా ఎండాకాలంలో గది లోపలే నలభై దగ్గర ఉంటే, డిస్కు 50 దాటకుండా చూసుకోవడం మేలు. క్రిస్టల్‌డిస్క్ఇన్ఫో అనే ఉచిత సాఫ్ట్‌వేర్ డిస్కు వేడిని చూపిస్తుంది.

రెండో తప్పు: డిలీట్ మీద నొక్కబోయా

ఆ సాఫ్ట్‌వేర్ తెరిచినప్పుడే గుండె జారింది. కొత్త డిస్కు నీలం. పాత డిస్కు పసుపు, అంటే జాగ్రత్త అని. చెడిపోయిన సెక్టార్లకి బదులు వేరేవి వాడుకుంటున్నానని డిస్కే లెక్క చెబుతోంది. ఆ డిస్కులో ఇంకా ఆల్బమ్ ఇవ్వని మూడు పెళ్లిళ్లున్నాయి. ఇంకొకటి కూడా ఉంది. తాత పోకముందు మామ మగ్గం దగ్గర తీసిన నలభై ఫొటోలు. వేరే ఎక్కడా లేవు.

కంగారులో పని తొందరగా చేద్దామనుకున్నా. కొత్త డిస్కు కంప్యూటర్‌లో కనిపించాలంటే డిస్క్ మేనేజ్‌మెంట్ తెరిచి ఇనిషియలైజ్ చేయాలి. విండోస్ మీట, ఎక్స్ కలిపి నొక్కితే ఆ మెనూ వస్తుంది. జీపీటీ ఎంచుకోండి. పాత ఎంబీఆర్ పద్ధతి 2 టీబీ పైచిలుకు దాటిన డిస్కుల్ని పూర్తిగా వాడుకోలేదు. తర్వాత న్యూ సింపుల్ వాల్యూమ్, ఎన్‌టీఎఫ్‌ఎస్, ఒక పేరు. అంతే.

అట్టముక్క రోజున నేను కొత్త డిస్కుని మూడు ముక్కలు చేసి ఉన్నా. మామ "ఒకటే ఉండనీ" అన్నాడు. సరే, వాటిని తీసేద్దామని డిస్క్ 1 మీద రైట్ క్లిక్ చేసి డిలీట్ వాల్యూమ్ నొక్కా. నిన్న కొత్తది డిస్క్ 1గానే ఉంది మరి. విండోస్ "నిజంగానా?" అని అడిగింది. ఎస్ మీద వేలు పెట్టబోతుంటే వెనక నుంచి మామ: "ఉండు ఉండు. మనం తెచ్చింది రెండు టీబీ కదా, అక్కడ 465 అని ఎందుకుండాది?"

బ్రాకెట్ పెట్టినప్పుడు వైర్లు వేరే పోర్టుల్లోకి మారాయి. దాంతో నంబర్లు కూడా మారాయి. 465 అంటే 500 జీబీ పాత డిస్కు. కంపెనీ జీబీ అంటే వంద కోట్ల బైట్లు, విండోస్ లెక్కలో 1,07,37,41,824. అందుకే 500 కాస్తా 465 అవుతుంది, 2 టీబీ కాస్తా 1863 జీబీగా కనిపిస్తుంది. ఈ భాగహారం నాకు నోటికొచ్చు. స్క్రీన్ మీద చూసి ఆపింది మాత్రం మామ.

కాబట్టి నియమం: నంబరుని నమ్మొద్దు, సైజు చూడండి, మోడల్ పేరు చూడండి. ఇంకా మంచిది, కొత్త డిస్కుని సిద్ధం చేసేటప్పుడు పాత డిస్కు డేటా వైరు పీకేయండి. విండోస్ ఆ పాత డిస్కులోనే ఉంటే ఇది కుదరదు. అప్పుడు కొత్త డిస్కుని వేరే కంప్యూటర్‌లో సిద్ధం చేసుకుని తెచ్చుకోండి.

మూడో తప్పు: "ఏం కాదులే మామా"

అన్నీ అయ్యాక మామ అడిగాడు: "ఇప్పుడు రెండు డిస్కులుండాయి కదా. ఒకటి పోయినా ఫొటోలుంటాయి కదా?"

"ఉంటాయి, ఏం కాదులే మామా" అనేశా. రాత్రి పడుకున్నాక వెలిగింది. నేను చేసింది కాపీ కాదు, కట్ అండ్ పేస్ట్. సగం పెళ్లిళ్లు పాతదాంట్లో, సగం కొత్తదాంట్లో. ఏ ఫొటో అయినా ఉన్నది ఒక్కచోటే.

ఇంకా ఘోరం ఉంది. మాటవరసకి ఒక డిస్కు ఏడాదిలో పోయే అవకాశం నూటికి రెండు అనుకుందాం. రెండు డిస్కులుంటే, వాటిలో కనీసం ఒకటి పోయే అవకాశం నూటికి దాదాపు నాలుగు. అంటే నేను మామకి చోటు పెంచాను, ప్రమాదాన్ని కూడా పెంచాను. భద్రత మాత్రం పెంచలేదు. పైగా రెండూ ఒకే పెట్టెలో, ఒకే పవర్ సప్లై కింద ఉన్నాయి. పిడుగు పడినా, దొంగ ఎత్తుకెళ్లినా రెండూ కలిసే పోతాయి.

పొద్దున్నే లేచి మామకి నిన్న చెప్పింది తప్పని ఒప్పుకున్నా. అది చెప్పడమే నాకు అన్నిటికంటే కష్టమైంది.

తర్వాత చేసింది ఇది. పీటర్ క్రోగ్ అనే అమెరికన్ ఫొటోగ్రాఫర్ ప్రచారంలోకి తెచ్చిన 3-2-1 అనే లెక్క ఒకటుంది. ప్రతి ఫైలుకి మూడు ప్రతులు, రెండు రకాల సాధనాల మీద, అందులో ఒకటి వేరే చోట. మేం పాత డిస్కులో ఉన్నదంతా ముందు కొత్తదాంట్లోకి కాపీ చేశాం, కట్ కాదు. ఫోల్డర్ ప్రాపర్టీస్‌లో ఫైళ్ల సంఖ్య, మొత్తం బైట్లు రెండువైపులా సరిపోల్చి, అక్కడక్కడా ఫొటోలు తెరిచి చూశాం. తర్వాత ఒక ఎక్స్‌టర్నల్ డిస్కు కొని, అంతా దాంట్లోకి ఇంకోసారి కాపీ చేశాం. అది స్టూడియోలో ఉండదు. ఇంట్లో అవ్వ బీరువాలో, పట్టుచీరల పక్కన ఉంటుంది. ఆదివారం రాత్రి మామ దాన్ని తెచ్చి, ఆ వారం ఫొటోలు ఎక్కించి, మళ్లీ అక్కడే పెడతాడు. పసుపు రంగు చూపించిన పాత డిస్కులో విండోస్ మాత్రం ప్రస్తుతానికి ఉంది. దాని స్థానంలో ఎస్‌ఎస్‌డీ పెట్టడం వేసవి సెలవుల పని.

తాత ఫొటోలు నలభయ్యీ ఇప్పుడు నాలుగు చోట్ల ఉన్నాయి. నాలుగోది మా అమ్మ ఫోను.

మీ ఇంట్లో కంప్యూటర్ పెట్టె విప్పేముందు ఒక్క ప్రశ్న వేసుకోండి: నాకు కావాల్సింది ఇంకాస్త చోటా, ఇంకో ప్రతా? చోటు కావాలంటే డీవీడీ అర, బ్రాకెట్, ఎనిమిది స్క్రూలు, ఒక గంట చాలు. ప్రతి కావాలంటే దాన్ని ఆ పెట్టెలో పెట్టకండి. రెండూ కావాలంటే రెండూ చేయండి, కానీ ఒకటి చేసి రెండోదీ అయిపోయిందని ఎవరికీ చెప్పకండి. ముఖ్యంగా, కంప్యూటర్ చదువు చదువుతున్నావని మిమ్మల్ని నమ్మేవాళ్లకి.